పోలండ్‌లో ఇంటివాళ్ళు క్రిస్మస్ భోజనానికి పిలిచారు, అదేమో శనివారం

కావలి పాప
డిసెంబర్ 11, 2022

అందరికీ నమస్కారం. మాది కావలి. అక్టోబరు నుంచి పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. మనవాళ్ళంతా వ్రోక్లా అంటారు గానీ అలా అడిగితే ఇక్కడెవరికీ అర్థం కాదు. హాస్టల్లో చోటు దొరక్క ఒకరింట్లో పైగది తీసుకున్నాను. ఇంటాయన, ఇంటావిడ, బడికెళ్ళే పిల్లలిద్దరు, ఇంటాయన తల్లి. ఆమెను అందరూ బాబ్చా అంటారు, మనం అవ్వ అన్నట్టే. నేనూ బాబ్చా అనే పిలుస్తాను.

మొన్న ఇంటావిడ మెట్ల దగ్గర ఆపి, 24 సాయంత్రం మాతోనే భోంచెయ్యాలి అంది. వీళ్ళకి 25 కంటే 24 సాయంత్రమే పెద్ద పండగట, విగీలియా అంటారు. సరేనన్నాను. గదిలోకొచ్చి క్యాలెండర్ చూస్తే 24 శనివారం. మా ఇంట్లో తాత కాలం నుంచీ శనివారం నీచు ముట్టం. పైగా అప్పటికి నెలగంట కూడా పెట్టేసి ఉంటారు. ఇంటావిణ్ణి అడిగితే "ఆ రోజు మేమూ మాంసం ముట్టం, నువ్వేం భయపడకు" అంది. హమ్మయ్య అనుకునేలోపే "కార్ప్ చేప మాత్రం బాబ్చా చేతిదే తినాలి" అంది. వీళ్ళ లెక్కలో చేప మాంసం కాదు!

అమ్మకి ఫోన్ చేస్తే ఉత్త చేతుల్తో పోవద్దు అంది. ఏం తీసుకెళ్ళాలో ఆమెకీ తెలియదు. నాకొచ్చిన వంట పులిహోర ఒక్కటే. అర్ధరాత్రి అందరూ చర్చికి వెళతారట, రమ్మంటే వెళ్ళాలా? వెళితే ఎక్కడ కూర్చోవాలి, ఏం చెయ్యాలి?

ఇంకో సంగతి ఉంది, ఇది బయట చెప్పొచ్చో లేదో. ఇంటావిడకీ బాబ్చాకీ రెండు వారాలుగా మాటల్లేవు. హీటరు గొడవ. ఉక్రెయిన్ యుద్ధం వచ్చాక బిల్లులు పెరిగాయని కోడలు తగ్గిస్తుంది, చలికి ఆగలేక అత్త పెంచుతుంది. వాళ్ళిద్దరి మధ్య కూర్చుని తినాలంటే పరీక్షకన్నా టెన్షన్‌గా ఉంది. అక్కడున్నవాళ్ళు, ఉండొచ్చినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

సింగరాయకొండ చేపలు
డిసెంబర్ 11

కార్ప్ అంటే మన బంగారుతీగే పాపా. చెరువుల్లో బొచ్చె, శీలావతితో పాటు పిల్లలు వదుల్తారు చూడు, అదే. ముళ్ళెక్కువ. వాళ్ళు చింతపండూ లేకుండా, మామిడికాయా లేకుండా పిండిలో దొర్లించి వేయిస్తారు. శనివారం పుణ్యమా అని నువ్వు తప్పించుకున్నావంటాను నేను.

ఒంగోలు అక్క
డిసెంబర్ 12

చెల్లీ, నేను క్రాకోవ్‌లో ఆరేళ్ళుండి వచ్చాను. ముందు నీ శనివారం సంగతి ఇవాళో రేపో చెప్పెయ్. పళ్ళెం ముందు కూర్చున్నాక చెప్పకు. పండగలకి ఉపవాసాలు ఉండటం ఆ దేశంలో పెద్దవాళ్ళకి కొత్తేం కాదు. 24న పొద్దుట్నుంచీ ఏమీ తినకుండా ఉండే ముసలివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇంటావిడకి కాదు, నేరుగా బాబ్చాకే చెప్పు.

పన్నెండు వంటలు చేస్తారు, పన్నెండుమంది అపొస్తలుల పేరు మీద. చేపవి రెండు మూడు తీసేస్తే మిగతావన్నీ నీవే. ఒక్క జాగ్రత్త, హెర్రింగ్ అని ఒక చేపని ఉల్లిపాయలతో నూనెలో ఊరబెట్టి పెడతారు, చూడ్డానికి సలాడ్‌లా ఉంటుంది. అడిగి వడ్డించుకో. అన్నీ కాస్తకాస్త రుచి చూడాలి, అది పట్టింపు. మొదటి ఏడు నేను రెండో గిన్నెతోనే కడుపు నింపేసుకుని మిగతా పదింటి ముందు ఏడుపు మొహం పెట్టుకు కూర్చున్నాను.

పులిహోర చెయ్యి. ఆసియా కొట్లో చింతపండు దొరుకుతుంది. మిరపకాయలు తగ్గించు, ఇంగువ తాలింపు కిటికీ తెరిచి పెట్టుకో. పూలు తీసుకుంటే బేసి సంఖ్యలో తీసుకో, సరి సంఖ్య చావింటికి. మీ అమ్మ సామాన్లో ఉదయగిరి చెక్క గరిటెలు పెట్టలేదా? నెల్లూరు జిల్లా అమ్మలు పెట్టకుండా ఉండరే. వాడనివి ఉంటే రెండు బాబ్చాకి ఇవ్వు, సంతోషిస్తుంది. గడప మీద నిలబడి ఇవ్వకు. వాళ్ళూ గడప మీద చెయ్యి కూడా కలపరు, ఈ ఒక్కటీ మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

భోజనానికి ముందు ఒప్వాటెక్ అని తెల్లటి పల్చటి రేకు పంచుతారు. దాని గురించి నేను చెప్పను. నెల్లూరు జిల్లాదానివి కాబట్టి చేతిలోకి రాగానే నీకే తెలుస్తుంది.

క్వయర్ తబలా
డిసెంబర్ 12

అక్క ఒప్వాటెక్ అన్నారు కాబట్టి ఒక మాట. మాది ఒంగోలు, చర్చిలో తబలా వాయిస్తాను. మేము బాప్టిస్టులం, మీ ఇంటివాళ్ళు కాథలిక్కులు అయ్యుంటారు, పద్ధతుల్లో తేడా ఉంటుంది. ఇంట్లో పంచే రేకు వేరు, చర్చిలో ఫాదర్ ఇచ్చేది వేరు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఇంట్లోది ఎవరైనా తినొచ్చు. చర్చిలో మాత్రం అందరూ వరసగా లేచి ముందుకెళ్ళేటప్పుడు నువ్వు వెళ్ళొద్దు సిస్టర్. కూర్చునే ఉండి కాళ్ళు పక్కకి తీసి దారివ్వు, ఎవరూ ఏమీ అనుకోరు. వాళ్ళు మోకాళ్ళూనితే నువ్వూ ఊనాలని లేదు. వెనక బెంచీలో కూర్చో, లోపల కూడా చలిగా ఉంటుంది, స్వెటర్ తియ్యకు.

పాటలు వదలొద్దు. ఆ రాత్రి మేమిక్కడ తెల్లారేదాకా ఇల్లిల్లూ తిరిగి పాడతాం. ప్రతి ఇంట్లోనూ టీ ఇస్తారు, పదో ఇంటికి గొంతు బాగానే ఉంటుంది గానీ కడుపు ఉండదు.

మూలాపేట బాబాయి
డిసెంబర్ 13

నెల్లూరు మూలాపేట నుంచి. రిటైరైన పోస్టాఫీసు మనిషిని, చాదస్తం అనుకున్నా ఫర్వాలేదు. పిలిచిన ఇంటికి పోవాల్సిందే, తిననిది తిననని చెప్పాల్సిందే. రెండూ చెయ్యొచ్చు. మేము పాతింట్లో ఉన్నప్పుడు కింద వాటాలో సాయిబుగారి కుటుంబం ఉండేది. రంజానుకి పైకి వచ్చే గిన్నెలో ప్రతి ఏడూ సేమ్యానే ఉండేది, ఒక్కసారి కూడా బిర్యానీ రాలేదు. మేము చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

ఇక హీటరు సంగతి. అత్తాకోడళ్ళ మధ్యలోకి నువ్వు దూరబోకమ్మా. వడ్డించమంటే వడ్డించు, గిన్నెలు కడగమంటే కడుగు, అంతే.

కావలి పాప
డిసెంబర్ 27

పండగ అయిపోయింది. సలహాలిచ్చినవాళ్ళకి ఏం జరిగిందో చెప్పకపోతే బాగుండదని కూర్చుని రాస్తున్నాను. పెద్దదైపోయింది, ఓపికున్నంత చదవండి.

శనివారం సంగతి అక్క చెప్పిన మర్నాడే బాబ్చాకి చెప్పాను. పెద్దపిల్లాడు ఇంగ్లీషులోంచి తర్జుమా చేశాడు. ఆమె క్యాబేజీ తరుగుతూ తలెత్తకుండానే "మాకు శుక్రవారం, మీకు శనివారమా" అంది. అంతే. మూడు రోజులు నిద్ర చెడగొట్టుకున్నది దీనికా అనిపించింది. 24న వంటింట్లోకి వెళితే, కజ్జికాయల ఆకారంలో క్యాబేజీ, పుట్టగొడుగులు పెట్టి చేసినవి వేయించడానికి రెండు పెనాలున్నాయి. చేప తగలని పెనం నాకోసమట. అది నేను అడగలేదు.

నాలుగు కాగానే చీకటి పడింది. ఆకాశంలో మొదటి చుక్క కనిపించేదాకా బల్ల దగ్గర కూర్చోకూడదు. చిన్నపిల్ల కిటికీకి ముక్కు ఆనించి నిలబడింది. పైనంతా మబ్బు. చూసి చూసి, విమానం లైటు కనబడగానే "చుక్క, చుక్క" అని అరిచింది. ఇంటాయన కూడా ఆకలి మీదున్నట్టున్నాడు, తొంగి చూసి చుక్కే అన్నాడు.

బల్ల మీద తెల్లగుడ్డ, దాని కింద ఎండుగడ్డి పరిచారు. చెయ్యి ఆనిస్తే గరగరమంది. యేసు పశువుల పాకలో పుట్టాడని అలా పరుస్తారట. ఆ వాసనకి మా తాత గొడ్లచావిడి గుర్తొచ్చింది. ఏడు పళ్ళాలున్నాయి. వాళ్ళు ఐదుగురు, నాతో ఆరు. ఏడోది గోడవైపు విడిగా ఉంది. పరాయిదాన్ని కదా, చివరిది నాదే అయ్యుంటుందని వెళ్ళి కూర్చోబోయాను. పిల్లలిద్దరూ ఒక్కసారే "కాదు కాదు" అని అరిచారు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చెప్పాపెట్టకుండా వచ్చి తలుపు తట్టేవాళ్ళ కోసం ఉంచే పళ్ళెమట అది. బాబ్చా నా మణికట్టు పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. "అది పిలవనివాళ్ళది. నిన్ను పిలిచాం కదా" అందని పిల్లాడు చెప్పాడు. పైగా ఈ బల్ల చుట్టూ బేసి సంఖ్యలో కూర్చుంటే మంచిది కాదట, నేను లేకపోతే వాళ్ళు ఐదుగురే. అంటే నేనే వాళ్ళకి ఉపకారం చేశానన్నమాట! నేనుంటున్న పైగదిలో మార్చి నుంచి ఆగస్టు దాకా ఉక్రెయిన్ నుంచి వచ్చిన తల్లీకూతుళ్ళు ఉన్నారని కూడా అప్పుడే తెలిసింది. గది తలుపు మీద పెన్సిల్‌తో గీసిన గీతలు ఎవరివా అనుకునేదాన్ని. ఆ పిల్ల ఎత్తు కొలిచిన గీతలవి.

అక్కా, ఇప్పుడు నీ ఒప్వాటెక్. పూతరేకులో చక్కెర పెట్టకముందు రేకు ఎలా ఉంటుందో అలాగే, కాస్త మందంగా, మీద బాలయేసు బొమ్మ అచ్చుతో ఉంది. తలా ఒకటి ఇచ్చారు. కూర్చుని తినేది కాదు. లేచి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళాలి. వాళ్ళ రేకులోంచి ఓ ముక్క నేను విరుచుకోవాలి, నా దాంట్లోంచి వాళ్ళు విరుచుకుంటారు. విరుస్తూ, నీకు ఫలానాది జరగాలి అని కోరుకోవాలి. చదువు, ఆరోగ్యం, పెళ్ళి, ఎవరికి ఏది కావాలంటే అది. బాబ్చా నా రేకు అంచు విరిచి చాలాసేపు ఏదో చెప్పింది. నాకు మోకాళ్ళ దాకా నీళ్ళు తగిలినట్టయింది. ఆగస్టులో, మొహర్రం అప్పుడు, రొట్టెల పండగకి నెల్లూరు స్వర్ణాల చెరువులో ఇలాగే నిలబడ్డాను, కోరిక తీరినవాళ్ళు వదిలే రొట్టె కోసం. తల మీద చున్నీ కప్పుకుని, చదువు రొట్టె ఎవరి దగ్గరుందమ్మా అని అరుస్తూ. ఇక్కడ కాళ్ళకి ఊలు సాక్సులున్నాయి, అంతే తేడా అనిపించింది ఆ నిమిషానికి.

అందరితో అయ్యాక మిగిలింది అత్తాకోడళ్ళు. ఈ ఆచారంలో తప్పించుకునే దారి లేదు. ఉన్నదే ఆరుగురు, గది చిన్నది. ఇంటావిడ కాసేపు సొరుగులో చెంచాలు వెతుకుతున్నట్టు నటించింది. బాబ్చానే వెళ్ళి చెయ్యి చాచింది. అందరూ విరుచుకోగా ఆమె రేకు గోరంత మిగిలింది, దాంట్లోంచి కోడలు ఇంకేం విరుస్తుంది? విరిచింది, ఆవగింజంత. తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుకున్నారు. నాకు అర్థమైన ముక్క ఒక్కటే, "కలోరిఫెర్". హీటరు! ఇద్దరూ ముక్కులు ఎగబీల్చారు. తర్వాత చారు పోసేటప్పుడు గిన్నె ఒకరు పట్టుకుంటే గరిటె ఇంకొకరు పట్టుకున్నారు. బాబాయ్, మీరు చెప్పినట్టే నేను దూరలేదు. ఆ రాత్రి నా గది కూడా వెచ్చగా ఉంది. ఆదివారం సాయంత్రానికి మళ్ళీ తగ్గింది అనుకోండి.

తింటూ రొట్టెల పండగ గురించి చెప్పాను. ఫోన్లో ఫొటో చూపించాను, తడిసిన చుడీదార్, చేతిలో చపాతీ. దర్గాలో పన్నెండుమంది అమరుల సమాధులున్నాయి, బారా షహీద్ అంటే అదే అని చెబితే పిల్లాడు వెంటనే బల్ల మీద గిన్నెలు లెక్కపెట్టాడు. మీరు హిందువులు కదా, ముస్లింల దర్గాకి ఎందుకెళతారని ఇంటాయన అడిగాడు. రొట్టె కోసం అన్నాను. ఇంకేం చెప్పాలో తోచలేదు.

బాబ్చాకి వచ్చిన అనుమానం వేరు. "నీకు రొట్టె ఇచ్చినామె నీ దగ్గర ఏం తీసుకుంది?" అని. ఏమీ తీసుకోలేదన్నాను. బాపట్ల నుంచి వచ్చినామె, కొడుక్కి ఇంజనీరింగ్ సీటొచ్చిందని రొట్టె వదలడానికి వచ్చింది, నా పేరు కూడా అడగలేదు. నా కోరిక తీరింది కాబట్టి వచ్చే ఏడు నేను వెళ్ళి ఇంకొకరికి వదలాలి అని చెప్పాను. బాబ్చా కాసేపు ఆలోచించి "అయితే నువ్వు అప్పులో ఉన్నావు" అంది. నిజమే. వీళ్ళది అక్కడికక్కడే చెల్లు. ఇవ్వడం, తీసుకోవడం ఒక్క నిమిషంలో అయిపోతాయి, అదీ ఇంట్లోవాళ్ళ మధ్య, మాటల్లేనివాళ్ళు కూడా ఎదురుపడేలా. మనది ఏడాది బాకీ, ముక్కూమొహం తెలియనివాళ్ళకి తీర్చాలి. అంతకుముందు వరకూ రెండూ ఒకటేనని వాళ్ళకి చెబుదామనుకుంటున్నాను, ఆగిపోయాను.

తిండి సంగతికొస్తే, బీట్‌రూట్ చారు పుల్లగా ఉండి బాగుంది. ఎండుపళ్ళు ఉడికించిన కాంపోట్ పొగవాసన, నాకు పడలేదు. గోధుమలు, గసగసాలు, తేనె కలిపి చేసిన కుత్యా రెండుసార్లు పెట్టించుకున్నాను. అది ఇంటావిడ పుట్టింట్లో చెయ్యరట. ఈ ఊరు 1945 దాకా జర్మన్లది, బ్రెస్లావ్ అనేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధమయ్యాక సరిహద్దులు మారితే బాబ్చా వాళ్ళమ్మ ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్న ల్వీవ్ వైపు నుంచి రైల్లో ఇక్కడికొచ్చింది. కుత్యా ఆ వైపు వంట. పెట్టె తెచ్చుకుందో లేదో గానీ ఇది మాత్రం తెచ్చుకుంది అని బాబ్చా అంది.

నా పులిహోరతో పదమూడయ్యాయి. ఇంటాయన వేళ్ళ మీద లెక్కపెట్టి, కాంపోట్ తాగేది గానీ తినేది కాదని దాన్ని లెక్కలోంచి కొట్టేశాడు. పిల్లలకి కారమైంది. ఆయన పల్లీలు ఏరుకుని తిన్నాడు. ఉదయగిరి గరిటెలు అమ్మ నిజంగానే మూడు పెట్టింది, రెండు ఇచ్చాను. బాబ్చా వాసన చూసి, నునుపు చూసి, తీసుకెళ్ళి షోకేసులో పెట్టింది. వంటకి వాడమని ఎలా చెప్పాలో తెలియడం లేదు.

చర్చికి వెళ్ళాను, వెనక బెంచీలో కూర్చున్నాను, అందరూ లేచినప్పుడు కాళ్ళు తీసి దారిచ్చాను. థాంక్స్ తబలా అన్నా. ఆ చలిలో అంతమంది ఒకే గొంతుతో పాడుతుంటే నోట్లోంచి ఆవిర్లు కూడా ఒకేసారి లేచాయి.

ఇంటికొచ్చేసరికి ఒంటిగంటన్నర. అమ్మకి ఫోన్ చేశాను, అక్కడ ఆరు, వాకిట్లో ముగ్గేస్తోంది. అన్నీ చెబుతూ చెబుతూ, ఇంటాయన కార్ప్ పొలుసులు కడిగి ఆరబెట్టి తలా ఒకటి ఇచ్చాడని, ఏడాదంతా పర్సులో ఉంచుకుంటే డబ్బుకి లోటుండదట అని నోరు జారాను. "శనివారం పూట పర్సులో చేప పొలుసేందే! ఆ పర్సులోనే కదా వెంకటేశ్వరస్వామి ఫొటో పెట్టిచ్చింది" అని అరిచింది. కాసేపు ముగ్గు గీస్తున్న చప్పుడు కూడా ఆగింది. తర్వాత తనే "సర్లే, ఆదివారం తెల్లారిందిలే. ఫొటో పక్క అరలోకి మార్చు" అంది.

ఒంగోలు అక్క
డిసెంబర్ 27

కాంపోట్ నాకూ ఆరేళ్ళలో పడలేదు. గరిటెలు మళ్ళీ షోకేసులోంచి రావు, ఆశ వదులుకో.

మూలాపేట బాబాయి
డిసెంబర్ 28

రొట్టెల పండగ ఈసారి జులై చివర్లో వస్తుంది. నువ్వు రాలేకపోతే నీ తరఫున మీ అమ్మ వదలొచ్చు. కావలి నుంచి పొద్దున రైలెక్కి మా ఇంటికి రమ్మను, అక్కడినుంచి దర్గామిట్టకి ఆటోలో పోవచ్చు. మా ఆవిడ కూడా ఆరోగ్యం రొట్టె వదలాల్సి ఉంది, తోడుగా ఉంటుంది. పిండి మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.

సింగరాయకొండ చేపలు
డిసెంబర్ 28

అన్నీ చెప్పావు పాపా. ఇంతకీ బంగారుతీగ తిన్నావా లేదా?

కావలి పాప
డిసెంబర్ 28

ఆదివారం మధ్యాహ్నం తిన్నాను అన్నా. బాబ్చా నా వాటా రెండు ముక్కలు గిన్నెలో మూతపెట్టి దాచింది. మీరు చెప్పినట్టే ముళ్ళు. గదిలోకి తెచ్చుకుని పులిహోరలో మిగిలిన చింతపండు గుజ్జు పూసుకుని తిన్నాను. ఈ మాట కిందికి చేరనివ్వకండి.